కంటికీ కెమెరాకీ నడుమ



ఈ వేళ నేను మాట్లాడబోయేది ఒక చిన్న రబ్బరు ముక్క గురించి. మిర్రర్‌లెస్ కెమెరా వెనకవైపు, మనం కన్ను ఆనించి చూసే చోట, అంటే వ్యూఫైండరు చుట్టూ, మెత్తని చట్రం ఒకటి ఉంటుంది. దాన్ని ఐకప్ అంటారు. కెమెరాతో పాటు పెట్టెలోనే వస్తుంది కాబట్టి దాని సంగతి ఎవరూ పట్టించుకోరు. ఎక్కడో ఊడి పడిపోయాకో, అంచు చిరిగి వేలాడుతున్నప్పుడో, వేలికి జిగురుగా తగిలినప్పుడో గుర్తొస్తుంది. అప్పుడు కొత్తది కొనాలి. దొరికినదేదో తగిలించుకుని, అది కంటికి కుదరక, చివరికి వ్యూఫైండరులోంచి చూడడమే మానేసినవాళ్ళను హైదరాబాదు ఉస్మానియా విశ్వవిద్యాలయం క్యాంపస్‌లో చాలామందిని చూశాను. ఎండలో వెనక తెర సరిగ్గా కనిపించక, కెమెరాను చేతులు చాచి పట్టుకుని, అందాజుగా నొక్కేస్తుంటారు. వేల రూపాయలు పోసి కొన్న వ్యూఫైండరు వృథాగా పోతుంది. అది చూస్తే నాకు నిజంగా బాధగా ఉంటుంది.

తార్నాకలో దిగి విశ్వవిద్యాలయం రోడ్డులోకి మళ్ళండి. సెలవురోజు పొద్దున్నే కెమెరాలు కనిపిస్తాయి. ఆర్ట్స్ కాలేజీ ముందు పెళ్ళికి ముందే ఫొటోలు తీయించుకునే జంటలు, వాళ్ళ వెంట ఫొటోగ్రాఫర్లు. ల్యాండ్‌స్కేప్ గార్డెన్ వైపు, చెట్లు దట్టంగా ఉన్న దారుల్లో, పిట్టల కోసం, నెమళ్ళ కోసం పొడుగు లెన్సులతో తిరిగేవాళ్ళు. ఆర్ట్స్ కాలేజీ భవనం బెల్జియం వాస్తుశిల్పి ఎర్నెస్ట్ జాస్పర్ రూపకల్పన, 1939లో ప్రారంభమైంది. లేత గులాబి రంగు గ్రానైటు. ఆ రాతి మీద ఎండ పడి తిరిగి కొట్టే వేళకు వెలుగు ముందునుంచే కాదు, పక్కలనుంచీ, కాళ్ళ కిందనుంచీ కూడా వస్తుంది. ఐకప్ లేని కెమెరాలోంచి అప్పుడు చూస్తే బొమ్మ వెలిసిపోయినట్టు ఉంటుంది, గాజు మీద మన చెంప నీడే మనకు కనిపిస్తుంది. ఎండకు కంటిపాప రెండు మూడు మిల్లీమీటర్లకు ముడుచుకుపోయి ఉంటుంది. వ్యూఫైండరు లోపలున్నది అర అంగుళం పాటి ఓఎల్ఈడీ తెర, దాని ముందు బొమ్మను పెద్దది చేసి చూపే కటకం. ముడుచుకున్న పాపతో ఆ తెరను చూడాలంటే బయటి వెలుగును ఆపక తప్పదు.

ఈ అవసరం కొత్తది కాదు. 1880లలో సికింద్రాబాదులో స్టూడియో పెట్టి, ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ కొలువులో ఆస్థాన ఫొటోగ్రాఫరుగా ఉన్న రాజా దీన్‌దయాళ్ కాలంలో కెమెరా వెనక గరుకు అద్దం ఉండేది. దాని మీద బొమ్మ తలకిందులుగా, మసకగా పడేది. దాన్ని చూడడానికి ఫొటోగ్రాఫరు నల్లగుడ్డ తల మీదుగా కప్పుకునేవాడు. ఆ గుడ్డ చేసిన పనిలో కొంత ఇవాళ మన ఐకప్ చేస్తోంది. కొంతే. ఐకప్ అంటే వెలుగును ఆపే తొడుగు మాత్రమే అనుకోవడం దగ్గరే ఎంపిక తప్పుదారి పడుతుంది. ఆ లెక్కన ఎంత పెద్దది కొంటే అంత మంచిదని అనిపిస్తుంది.

అసలు పని దూరం. ఐకప్ మీ కన్ను ఎక్కడ ఆగాలో నిర్ణయిస్తుంది.

వ్యూఫైండరు కటకానికి వెనక ఒక నిర్దిష్టమైన దూరంలో కన్ను ఉన్నప్పుడే నాలుగు మూలలూ ఒకేసారి కనిపిస్తాయి. దీన్ని ఐపాయింట్ అంటారు. కెమెరా పుస్తకంలో సాంకేతిక వివరాల పేజీలో రాసి ఉంటుంది. సోనీ ఏ7 మార్క్ త్రీకి కటకం నుంచి సుమారు 23 మిల్లీమీటర్లు, కటకం చుట్టూ ఉన్న ఫ్రేము అంచు నుంచి 18.5. అదే కంపెనీ ఏ6400కి కటకం నుంచి 23, ఫ్రేము నుంచి 21.4. నికాన్ జెడ్6కి కటకం నుంచి 21. కన్ను అంతకంటే వెనక్కి జరిగితే మొదట మూలలు నల్లబడతాయి, తర్వాత అంచున ఉండే అంకెలు పోతాయి.

ఇప్పుడు కళ్ళజోడు పెట్టుకున్నవాళ్ళ సంగతి చూద్దాం. అద్దం లోపలి ముఖానికీ కంటికీ మధ్య మామూలుగా 12 నుంచి 14 మిల్లీమీటర్ల ఎడం ఉంటుంది. అద్దం మందం ఒక రెండు అనుకోండి. ఏ7 మార్క్ త్రీలో ఫ్రేము నుంచి ఉన్న 18.5లో ఇవి తీసేస్తే మిగిలేది రెండున్నర నుంచి నాలుగున్నర మిల్లీమీటర్లు. ఐకప్ నొక్కుకున్నాక ఆ కొద్దిపాటి జాగాలో ఇమడాలి. ఏ6400లో అయితే ఇంకో మూడు మిల్లీమీటర్ల వెసులుబాటు ఉంది. అంతే తేడా. కానీ కంటి దగ్గర మూడు మిల్లీమీటర్లు తక్కువ కాదు.

కళ్ళజోడు ఉంది కదా, లోతుగా, వెడల్పుగా ఉన్న పెద్ద కప్ తీసుకోండి అని దుకాణంలో చెబుతారు. నేను ఒప్పుకోను. వెడల్పు మంచిదే, లోతు మాత్రం చెరుపు చేస్తుంది. క్యాంపస్‌లో పిట్టల్ని చూసేవాళ్ళ మెడలో బైనాక్యులర్లు ఉంటాయి కదా, వాటిని గమనించండి. కళ్ళజోడు లేనివాళ్ళు ఐకప్‌ను పైకి తిప్పుకుంటారు, కళ్ళజోడు ఉన్నవాళ్ళు కిందికి దించుకుంటారు. అద్దాలు ఎలాగూ కంటిని దూరంగా పెట్టాయి, ఇంక రబ్బరు కూడా దూరం పెట్టడం ఎందుకు? కెమెరాకూ అదే న్యాయం. కళ్ళజోడు ఉన్నవాళ్ళకు పల్చగా, వేలితో నొక్కితే పూర్తిగా అణిగిపోయేటంత మెత్తగా, చుట్టూ ఎక్కడా తెగకుండా ఉన్న కప్ కావాలి. అసలు కప్పే లేకుండా వాడితే దూరం కలిసొస్తుంది గాని, గట్టి ప్లాస్టిక్ అంచు అద్దాల కోటింగు మీద గీతలు పెడుతుంది. వాటిని మళ్ళీ చేయించుకునే ఖర్చుతో పోలిస్తే ఐకప్ ఖరీదు లెక్కలోది కాదు.

పల్చని కప్ పెట్టినా మూలలు అందకపోతే కెమెరా మెనూలో వెతకండి. కొన్నిట్లో వ్యూఫైండరు బొమ్మను కాస్త చిన్నది చేసి చూపే ఏర్పాటు ఉంటుంది. పానసోనిక్ జీ9లో దానికోసం ప్రత్యేకంగా బటనే పెట్టారు.

కళ్ళజోడు తీసి ఫొటోలు తీయొచ్చు కదా అని కొందరు అడుగుతారు. వ్యూఫైండరు పక్కన చిన్న చక్రం ఉంటుంది, డయాప్టర్ సర్దుకునేది. చాలా కెమెరాల్లో అది మైనస్ 4 దాకా పోతుంది. మీ సైటు అంతకు లోపే ఉండి, సిలిండరు పవరు లేకపోతే కళ్ళజోడు లేకుండానే బొమ్మ స్పష్టంగా కనిపిస్తుంది. సిలిండరు పవరు ఉంటే ఈ చక్రం దాన్ని సరిచేయలేదు. పైగా పిట్ట ఏ కొమ్మ మీద ఉందో చూడడానికి కళ్ళజోడు, ఫొటో తీయడానికి వద్దు, మళ్ళీ కళ్ళజోడు. ఈ లోపు పిట్ట ఎగిరిపోతుంది. నలభై దాటి చత్వారం వచ్చినవాళ్ళకు మాత్రం వ్యూఫైండరు పెద్ద వరం. దగ్గరి చూపు తగ్గి వెనక తెర మీద అక్షరాలు అలుక్కుపోతున్నా, ఈ చక్రం సరిగ్గా తిప్పుకుంటే లోపలి బొమ్మ నిక్కచ్చిగా కనిపిస్తుంది. ఇలాంటివాళ్ళలో చాలామంది బయట తిరిగేటప్పుడు కళ్ళజోడు పెట్టుకోరు కాబట్టి, లోతైన కప్ వాళ్ళకు హాయిగా అమరుతుంది. ప్రోగ్రెసివ్ అద్దాలు వాడేవాళ్ళు అవి పెట్టుకునే, తల నిటారుగా ఉంచి, సూటిగా చూస్తూ చక్రం సర్దుకోవాలి. తల పైకెత్తితే అద్దంలో వేరే పవరు కంటికి ఎదురుగా వస్తుంది.

ఏ కంటితో చూస్తారన్నది కూడా లెక్కలోకి వస్తుంది. ఒక పక్క రెక్కలా సాగి ఉండే కప్పులు కుడి కంటివాళ్ళను దృష్టిలో పెట్టుకుని చేసినవి. ఎడమ కంటితో చూసేవాళ్ళకు ఆ రెక్క ముక్కుకు తగులుతుంది. కోడిగుడ్డు ఆకారంలో ఉండి చుట్టూ తిప్పుకోగలిగే సిలికోన్ కప్పులు జేజేసీ లాంటి కంపెనీలు చేస్తున్నాయి. ఎడమ కంటివాళ్ళకు, కెమెరాను తరచూ నిలువుగా తిప్పి తీసేవాళ్ళకు అవి నయం. ఒక్క చిక్కు ఉంది. తిరిగే కప్ తనంతట తానూ తిరుగుతుంది. సంచిలోంచి తీసిన ప్రతిసారీ సర్దుకోవాలి.

ఇక అమరిక. ఒక కంపెనీ కెమెరాలన్నిటికీ ఒకే కప్ సరిపోదు. సోనీ ఏ6000కి పట్టేది ఎఫ్‌డీఏ-ఈపీ10, ఏ6400కి పట్టేది ఎఫ్‌డీఏ-ఈపీ17. చూడ్డానికి అన్నదమ్ముల్లా ఉండే కెమెరాలే, అయినా ఒకదాని కప్ ఇంకోదానికి ఎక్కదు. నికాన్ జెడ్6, జెడ్7లకు డీకే-29. ఫుజీఫిల్మ్ ఎక్స్-టీ1 నుంచి ఎక్స్-టీ3 దాకా ఈసీ-ఎక్స్‌టీ అన్న వరసలో రెండు మూడు సైజులు ఉన్నాయి. కొన్ని కెమెరాలకు కప్ వాడేవాళ్ళు ఊడదీసేది కానే కాదు, సర్వీసు సెంటరుకు ఇవ్వాల్సిందే. కాబట్టి బయల్దేరే ముందు కెమెరా అడుగున ఉన్న మోడలు పేరు, పాత కప్ మిగిలి ఉంటే దాని లోపలివైపు అచ్చయిన నంబరు కాగితం మీద రాసుకోండి. కొక్కేలు విరగొట్టుకోకుండా పాతది ఎలా తీయాలో కెమెరా పుస్తకంలో బొమ్మ ఉంటుంది. కొన్ని పైకి జారతాయి, కొన్ని రెండు పక్కలా నొక్కి ఎత్తితే వస్తాయి. ఊడి పోగొట్టుకునే బాధ ఎక్కువగా ఉంటే లాకు ఉన్న రకం దొరుకుతుందేమో అడగండి. సోనీ ఎఫ్‌డీఏ-ఈపీ18 అలాంటిదే.

కప్ ఎక్కినంత మాత్రాన సరిపోయినట్టు కాదు. వ్యూఫైండరు దగ్గర, చాలా కెమెరాల్లో కటకానికి ఆనుకునే, చిన్న నల్లటి కిటికీ ఉంటుంది. కంటికి కనిపించని పరారుణ కిరణం అందులోంచి బయటికి వచ్చి, ముఖానికి తగిలి వెనక్కి వెళుతుంది. అప్పుడు కెమెరా వెనక తెర ఆర్పి వ్యూఫైండరు వెలిగిస్తుంది. నకలు కప్ అంచు ఆ కిటికీకి ఏ కాస్త అడ్డొచ్చినా ముఖం దగ్గరే ఉందని కెమెరా పొరపడుతుంది. వెనక తెర ఇక వెలగదు. కెమెరా పాడైందనుకుని రిపేరుకు తీసుకువెళ్ళినవాళ్ళున్నారు. కప్ తీసి చూస్తే తెలిసిపోయే సంగతి అది. ఆ కిటికీ మీద నూనె, దుమ్ము పేరుకున్నా ఇదే జరుగుతుంది. మెత్తటి గుడ్డతో తుడిస్తే చాలు.

ఏ పదార్థంతో చేసిందన్నది నాకు ఇష్టమైన భాగం. తార్నాకలో ఉంటూ దీని గురించి చెప్పకుండా ఎలా? 1944లో చిన్న ప్రయోగశాలగా మొదలై ఇవాళ ఐఐసీటీగా మనందరికీ తెలిసిన రసాయన పరిశోధన సంస్థ ఇక్కడే ఉంది. పాలిమర్ల మీద అక్కడ ఏళ్ళ తరబడి పరిశోధన సాగుతోంది. రబ్బరు, సిలికోన్, మెత్తటి ప్లాస్టిక్ పూతలు అన్నీ పాలిమర్లే. కానీ వాటి స్వభావాలు వేరు. సహజ రబ్బరు అణువుల గొలుసులో జంట బంధాలుంటాయి. గాలిలోని ఓజోను వాటిని తెంచుతుంది. ముఖ్యంగా రబ్బరు సాగి, వంగి ఉన్న చోట పగుళ్ళు వస్తాయి. ఐకప్ ఎప్పుడూ మూలల దగ్గరే చిరగడానికి కారణాల్లో అదొకటి. పట్టులా తగిలే మెత్తటి పూతల్లో చాలావరకు పాలీయురేతేన్. గాలిలో తేమ వాటిని మెల్లగా విడగొడుతుంది. అల్మరాలో మూసిపెట్టిన కెమెరా రెండు మూడు వానాకాలాలు గడిచాక జిగురుజిగురుగా చేతికి అంటుకోవడం అందుకే. అలా అయిందాన్ని ఎంత తుడిచినా మామూలు కాదు, మార్చాల్సిందే. సిలికోన్ గొలుసు సిలికాన్, ఆక్సిజన్ ఒకదాని తర్వాత ఒకటిగా అల్లుకున్నది. ఎండ, ఓజోను దాన్ని పెద్దగా ఏమీ చేయలేవు. మే నెల ఎండల్లో బయట తిరిగేవాళ్ళకు నేను సిలికోనే చెబుతాను. దానికీ లోపాలు లేకపోలేదు. దుమ్మును, నూలు పోగుల్ని పట్టుకుంటుంది. ఒకసారి గాటు పడితే ఆ గాటు చరచరా సాగుతుంది.

దోమల మందు సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. పొద్దున చెట్లలోకి వెళ్ళేవాళ్ళు ఒంటికి దోమల మందు రాసుకుంటారు. అందులో డీట్ ఉంటే అది చాలా రకాల ప్లాస్టిక్కుల్ని మెత్తబరుస్తుంది. అదే చేత్తో కెమెరా పట్టుకుంటాం, అదే నుదురు ఐకప్‌కు ఆనిస్తాం. మందు రాసుకున్నాక చేతులు కడుక్కుని, కంటి చుట్టూ రాసుకోకుండా ఉంటే కెమెరాకే కాదు, కంటికీ మంచిది.

కొనడానికి కోఠీ, ఆబిడ్స్ వైపు కెమెరా దుకాణాలున్నాయి. తార్నాకలో మెట్రో ఎక్కి, పరేడ్ గ్రౌండ్ దగ్గర లైను మారితే సుల్తాన్ బజారులో దిగొచ్చు. ఇంట్లో కూర్చుని తెప్పించుకోవచ్చు, నిజమే. అయినా మొదటిసారి మాత్రం కెమెరా పట్టుకుని వెళ్ళమంటాను, ఎందుకంటే ఇది ముఖానికి పెట్టి చూసుకోవాల్సిన వస్తువు. దుకాణంలో కప్ తగిలించి, కెమెరా ఆన్ చేసి, కళ్ళజోడు వాడేవాళ్ళు అది పెట్టుకునే చూడండి. మామూలుగా ఆనించండి, బలంగా అదమకండి. నాలుగు మూలల్లో ఉన్న గుర్తులు కన్ను కదపకుండా చదవగలుగుతున్నారా? కెమెరాను నిలువుగా తిప్పితే ముక్కుకు, బొటనవేలికి అడ్డొస్తోందా? వెనక తెరను పైకి ఎత్తండి. ఏ6400లా తెర పూర్తిగా పైకి తిరిగే కెమెరాల్లో పెద్ద కప్ తెరలో కొంత భాగాన్ని కప్పేస్తుంది. తమను తాము వీడియో తీసుకునేవాళ్ళకు అది రోజువారీ చికాకు. ఫ్లాష్ వాడేవాళ్ళు దాన్ని కూడా బిగించి చూడాలి. చివరగా కప్‌ను వేలితో నాలుగు వైపులా పక్కకు నెట్టండి. అప్పుడే కదిలితే, సంచిలోంచి లాగినప్పుడు తప్పకుండా ఊడుతుంది. ఒరిజినలా, వేరే కంపెనీదా అన్నదానికి నా దగ్గర ఒకే జవాబు లేదు. పల్చని కప్ కావలసిన కళ్ళజోడువాళ్ళకు ఒరిజినల్ కొలతే చాలాసార్లు సరిగ్గా ఉంటుంది. ఎడమ కంటివాళ్ళకు, లోతు కావలసినవాళ్ళకు బయటి కంపెనీవే దిక్కు.

వెనకనుంచి వచ్చే వెలుగుతో ఉన్న ప్రమాదం కూడా చెప్పాలి. పాత డీఎస్ఎల్ఆర్ కెమెరాల్లో ట్రైపాడ్ మీద పెట్టి కన్ను తీస్తే, వెనకనుంచి వెలుగు దూరి ఎక్స్‌పోజరు లెక్క తప్పించేది. అందుకని మెడపట్టీకి చిన్న మూత ఉండేది. మిర్రర్‌లెస్‌లో ఆ లెక్క నేరుగా సెన్సరు మీదే జరుగుతుంది గనక ఆ బెడద లేదు. కానీ లోపలున్న కటకం ఒక భూతద్దం. వ్యూఫైండరు ఎండకు ఎదురుగా ఉంటే సూర్యకిరణాలను అది ఆ చిన్న తెర మీద ఒక చుక్కగా కేంద్రీకరిస్తుంది, తెర మీద చెరగని మచ్చ పడుతుంది. కెమెరా పుస్తకాల్లో ఈ హెచ్చరిక ఉంటుంది, చదివేవాళ్ళు తక్కువ. లోతైన కప్ పక్కవాటుగా వచ్చే ఎండను కొంత ఆపుతుంది గాని, సూటిగా వచ్చేదాన్ని ఆపలేదు. టిఫినుకు కూర్చున్నప్పుడు కెమెరాను గట్టు మీద లెన్సు కిందికి, వ్యూఫైండరు ఆకాశానికి పెట్టడం చాలామందికి అలవాటు. దయచేసి ఆ అలవాటు మానండి. సంచిలో పెట్టండి, కనీసం ఒక రుమాలు కప్పండి.

ఇంకొక్క విషయం, ఇది విద్యార్థులకు. ఉస్మానియాలో జర్నలిజం శాఖ 1954 నుంచి ఉంది. ఇలాంటి శాఖల్లో, ఫొటోగ్రఫీ క్లబ్బుల్లో ఒకే కెమెరా చేతులు మారడం, అంటే ఒకే ఐకప్‌కు పదిమంది కళ్ళు ఆనడం మామూలే. 2023 వానాకాలంలో హైదరాబాదులో కళ్ళకలక ఎంతగా పాకిందో మీకు గుర్తుండే ఉంటుంది. తువ్వాలు పంచుకోవద్దని డాక్టర్లు చెప్పినప్పుడు కెమెరా సంగతి మనలో ఎందరికి తట్టింది? కళ్ళకలక తెచ్చే వైరసులు వస్తువుల మీద రోజుల తరబడి బతకగలవు. కన్ను ఎర్రబడినవాళ్ళు తగ్గేదాకా వ్యూఫైండరు వాడకూడదు, వెనక తెరతోనే పని నడిపించుకోవాలి. కెమెరా పంచుకునేవాళ్ళు తలా ఒక కప్ కొనుక్కోవచ్చు. కొన్ని వందల రూపాయల వస్తువు. కెమెరా చేతికి వచ్చినప్పుడు తమది తగిలించుకుని, తిరిగి ఇచ్చేటప్పుడు తీసేసుకుంటే సరి. ఇలా చేస్తే కళ్ళజోడు ఉన్న అమ్మాయికి పల్చనిది, లేని అబ్బాయికి లోతైనది, ఎవరికి కుదిరింది వాళ్ళకు ఉంటుంది. కప్‌ను కెమెరా నుంచి ఊడదీసి, మామూలు సబ్బునీళ్ళతో కడిగి, నీడన పూర్తిగా ఆరాకే తిరిగి పెట్టాలి. స్పిరిటు, పెట్రోలు వాడొద్దు, రబ్బరు దెబ్బతింటుంది. ఆ ఆరే వేళలో కెమెరా సంచిలోనే ఉండాలి, ఎందుకంటే కప్ లేని వ్యూఫైండరు గాజు మీద పడ్డ గీత ఏ కప్‌తోనూ పోదు.